మావగారి పదకొండు

మా వైపు బస్సులో పక్కన కూర్చున్న మనిషి "మీకెంత?" అని అడిగితే వయసు చెప్పకూడదు. ఆయన అడుగుతున్నది క్రియాటినిన్ గురించి. మూత్రపిండాలు ఎంత బాగా పని చేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం అనే తీరప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు కాబట్టి ఆ అంకె తెలియని మనిషీ లేడు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా రిపోర్టు కాగితం మీద వేలు పెట్టి "ఇదేనా?" అంటుంది. ఒకటి చుట్టుపక్కల ఉంటే ఇంట్లో ఆ పూట చేపలపులుసు. రెండు దాటితే ఉప్పు తగ్గిస్తారు. ఐదు దాటితే చుట్టాలు రావడం మొదలుపెడతారు. ఎనిమిది అంటే ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఈ విద్య జనానికి నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కాశీబుగ్గ బస్టాండుకి ఎదురుగా ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. రెండు గదులు, ఒక బెంచీ, ఒక ఫ్రిజ్, జీడిపిక్కలు కాల్చే పొగ వాసన. ఆ వాసన పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళలో ఉన్నవాళ్ళకి తెలియదు, బయటినుంచి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్న ఏడింటికే ఊళ్ళ నుంచి జనం వచ్చి బెంచీ మీద వరసగా కూర్చునేవారు.

నాకు ముక్కు మీద కోపం. దాచుకోవడం ఎందుకు, అందరికీ తెలిసిందే. పరగడుపున రమ్మంటే ఇడ్లీ తినేసి వచ్చినవాణ్ణి బెంచీ దగ్గరే నిలబెట్టి దులిపేసేవాణ్ణి. ఇంకో అలవాటు కూడా ఉండేది. సూది గుచ్చేముందు ప్రతివాణ్ణీ ప్రశ్నలు అడిగేవాణ్ణి. జ్వరం ఉందా, ఏం మందులు వాడుతున్నావు, మూత్రం మంటగా వస్తోందా, ఈమధ్య ఏ ఆసుపత్రిలోనైనా చేరావా. రక్తం నిజమే చెబుతుంది కానీ దేని గురించి చెబుతోందో తెలియాలంటే మనిషిని అడగాలి. ఆ మాట నేను అందరికీ చెప్పేవాణ్ణి. "ఈ బాబు సూదికన్నా పెశ్నలు నొప్పి" అనేవారు ఆడవాళ్ళు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

అలాంటివాణ్ణి, మా మావగారిని మాత్రం ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు.

మావగారిది కంచిలి అవతల ఉద్దానం ఊరు. కొబ్బరితోట, దాని వెనక కాస్త జీడితోట. అప్పటికి అరవై ఆరేళ్ళు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేవారు. నాకు పెళ్ళై తొమ్మిదేళ్ళయినా ఆయన నా ఎదుట పంచె పైకి మడిచి కూర్చున్నది లేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మడత విప్పేసి, లేచి నిలబడి, "రండి అల్లుడుబాబూ" అనేవారు. నా ముందు భోంచేయడానికి కూడా మొహమాటపడేవారు. తొమ్మిదేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న విషయాలు మూడే: వాన పడిందా, కాయ ఎలా ఉంది, రైలు సమయానికి వచ్చిందా. అల్లుడంటే ఆ ఇంట్లో నడిచొచ్చే దేవుడు. దేవుడి దగ్గర ఒంటి సంగతులు ఎవరు మాట్లాడతారు?

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే ల్యాబ్‌కి వచ్చి, బెంచీ మీద చివరన కూర్చున్నారు. నేను కంగారుపడి లోపలికి తీసుకెళ్ళి నా కుర్చీలో కూర్చోబెట్టాను. టీ తెప్పించాను, తాగలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి బల్ల మీద పెట్టారు. టెక్కలి డాక్టరుది. అందులో ఒకటే పరీక్ష రాసి ఉంది, పీఎస్‌ఏ.

మగవాళ్ళకి మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని చిన్న గ్రంథి ఉంటుంది. అందులో తయారయ్యే ఒక పదార్థం కొంచెం కొంచెం రక్తంలోకి చేరుతుంది. అది ఎంత ఉందో కొలిచే పరీక్ష ఇది. వయసు మీద పడ్డవాళ్ళకి ఆ గ్రంథిలో కేన్సర్ ఏమైనా ఉందేమోనని ముందుగా అనుమానం తీర్చుకోవడానికి రాస్తారు.

"టెక్కలి ఎందుకెళ్ళారు మావగారూ?" అన్నాను.

"పాసుపుస్తకం పనుండి ఆఫీసుకెల్లాను బాబూ. ఎలాగూ ఎల్లాను కదా అని డాక్టరుకి సూపించీసినాను" అన్నారు గోడకేసి చూస్తూ.

ఇంకో మనిషైతే ఆ గోడ చూపుకే పట్టుకునేవాణ్ణి. మావగారు కదా, మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని రక్తం తీశాను. ఆ పరీక్ష మా దగ్గర చేసే వీల్లేదు. రక్తంలోంచి సీరం అనే పసుపుపచ్చ నీటిని వేరుచేసి, ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి రైల్లో విశాఖపట్నం పెద్ద ల్యాబ్‌కి పంపాను.

మూడోరోజు రిపోర్టు వచ్చింది. పదకొండు పాయింట్ నాలుగు. పక్కనే అచ్చులో ఉంది, సున్నా నుంచి నాలుగు వరకు ఉండవచ్చని.

అలాంటి కాగితాలు నా చేత్తో ఎందరికో ఇచ్చాను. "డాక్టరుగారికి చూపించండి" అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచేవాణ్ణి. ఆరోజు మాత్రం తర్వాతి మనిషిని పిలవలేకపోయాను. నాకు తెలిసిన ఒక డాక్టరుగారికి చూపిస్తే ఆయన అద్దాలు పైకి తోసుకుని, "పది దాటింది కదా, గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి చూడాలనే అంటారు. విశాఖపట్నం తీసుకెళ్ళు" అన్నారు. ఆ మాటతో నా లెక్క అయిపోయింది. పదకొండు అంటే కేన్సర్. ఇంక అనుమానం లేదనుకున్నాను. ల్యాబ్‌లో పుట్టి పెరిగినట్టు మాట్లాడేవాణ్ణి కదా, నేనూ కాగితం మీద వేలు పెట్టి "ఇదేనా?" అన్న ముసలమ్మలాగే చదివానని అప్పటికి తెలియదు.

ఇంటికెళ్ళి నా భార్యకి చెప్పాను. ఆమె ఏడ్చి, ఫోనులో వాళ్ళమ్మకి చెప్పింది, "నాన్న రక్తంలో పదకొండొచ్చిందే అమ్మా" అని. మా అత్తగారు ఫోను పెట్టేసి పక్కింటావిడకి చెప్పారు. రక్తంలో పదకొండు అనగానే ఇక వివరం ఎవరికి కావాలి? ఉద్దానంలో రక్తానికి ఉండేది ఒక్కటే అంకె. సాయంత్రానికల్లా ఊరంతటికీ మావగారి కిడ్నీలు రెండూ పోయాయి.

ఆదివారం మేమిద్దరం వెళ్ళేసరికి అరుగు నిండా జనం. ఓ మూల చూడొచ్చినవాళ్ళు తెచ్చిన అరటిపళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. మావగారు మధ్యలో కుర్చీలో ఇరుక్కుని, ఎవరి మాటకి తల ఊపాలో తెలియక అందరికీ ఊపుతున్నారు.

"పదకొండంటే మాటలా బావా! మావోడు ఏడుకే మంచం దిగనేదు" అంటున్నాడు ఒకాయన, మహా ఓదార్పుగా.

"ఉప్పు మానీ మావా. కొబ్బరినీళ్ళు సత్తే ముట్టుకోకు" అంది ఇంకొకావిడ, కొబ్బరితోటలో కూర్చుని.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది కిడ్నీ అంకె కాదండీ! ఆ పరీక్షే వేరు!" అని అరిచాను.

అందరూ నావైపు తిరిగారు. "మరేటి పరీచ్చ బాబూ?" అని అడిగారెవరో.

నేను నోరు తెరిచాను. మావగారు నావైపు చూశారు. తొమ్మిదేళ్ళలో ఆయన నా కళ్ళలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి. మూత్రం పోసే దారి పక్కన ఉండే గ్రంథి సంగతి ఇంతమంది ఆడవాళ్ళ ముందు, అదీ అల్లుడి నోటినుంచి వస్తే ఆ మనిషి మళ్ళీ వీధిలోకి రారని ఆ చూపులోనే అర్థమైంది. "అది... వేరే" అని నోరు మూసుకున్నాను. జనం నన్ను జాలిగా చూశారు. పాపం అల్లుడు, నిజం దాస్తున్నాడు అనుకున్నారు.

ఆ జనంలో తోట వెనక ఇంటావిడ ఒకామె ఉంది. వరసకి మావగారిని మావా అనేది. ఆమె భర్తకి ఇంకా నలభై నిండలేదు, నిజంగానే కిడ్నీ జబ్బు. ఆయన అంకె నాలుగు పాయింట్ మూడు. నెలనెలా ఆమే బస్సెక్కించి నా ల్యాబ్‌కి తీసుకొచ్చేది. ఆరోజు అందరూ మాట్లాడుతుంటే ఆమె మాట్లాడలేదు. వెళ్ళేముందు మా అత్తగారి దగ్గర ఆగి, "నాలుక్కే మా ఆయన పనిలోకి ఎల్నేకపోతన్నాడు. మావ పదకొండుతో కొబ్బరికాయలు ఒలుత్తన్నాడు. ఏటి తింతన్నాడు అత్తా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్నని నేను పట్టించుకోలేదు.

విశాఖపట్నంలో మూత్రం జబ్బులు చూసే డాక్టరుగారు పది రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ పది రోజుల్లో నేను వెళ్ళినప్పుడల్లా మావగారు నన్ను తోటలోకి తీసుకెళ్ళేవారు. "ఈ సెట్టు గాలికి వంగిపోనాది గానీ కాపు మంచిది, కొట్టించకండి. ఆ మూల రెండిటికి పురుగు, సూసుకోవాలి" అని ఒక్కొక్క చెట్టూ చూపించేవారు. "నాకెందుకు మావగారూ ఇవన్నీ" అని విసుక్కున్నాను. "తెలిసుంటే మంచిదే కదా బాబూ" అన్నారు. అప్పటికి గాని నాకు వెలగలేదు, ఆయన అప్పగింతలు పెడుతున్నారని. జీడితోట చూసొస్తానని చెప్పి అవతలికి పోయి ముఖం తుడుచుకున్నాను. భయం వేసింది నాకు. మూడే మూడు విషయాలు మాట్లాడే ఆ మనిషి మీద నాకంత ప్రేమ ఉందని అంతకుముందు తెలియదు.

రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని, వెనక్కి పోతున్న తోటలు చూస్తూ ఉన్నారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాటాక అడిగారు.

"కోత్తారేటి బాబూ?"

"ముందు చూస్తారు."

"సూసి కోత్తారేటి?"

"నాకు తెలీదు మావగారూ" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఆయన మళ్ళీ కిటికీవైపు తిరిగారు. ఆయన భయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అక్కడ కోస్తే మనిషి మగవాడిగా మిగలడని ఆయన ఎక్కడో విన్నారు. ఆ సంగతి కూడా నాకు తర్వాత తెలిసింది.

డాక్టరుగారికి నా వయసే ఉంటుంది. రిపోర్టు చూసి, దాన్ని బల్ల మీద బోర్లించి, మావగారివైపు తిరిగారు. "పెద్దాయనా, ఈ పరీక్షకి ముందు మూత్రం ఆగిపోవడం, గొట్టం వేయించుకోవడం లాంటివి ఏమైనా జరిగాయా?"

మావగారు గోడకేసి చూశారు. అదే గోడ చూపు. "అల్లుడుబాబు బయట కూకుంటే సెప్తాను" అన్నారు.

బయట కూర్చున్నాను. మావగారిని రక్తపరీక్షకీ మూత్రపరీక్షకీ పంపి, రెండు గంటల తర్వాత నన్ను లోపలికి పిలిచి డాక్టరుగారు అసలు సంగతి చెప్పారు. నా దగ్గర రక్తం ఇవ్వడానికి నాలుగు రోజుల ముందు ఆయనకి పొద్దున్నుంచి మూత్రం ఆగిపోయింది. ఇంట్లో పాసుపుస్తకం పనని చెప్పి కంచిలిలో బస్సెక్కారు. ఆ బస్సు కాశీబుగ్గలో ఆగింది. ఎదురుగా నా ల్యాబ్ తలుపు తీసి ఉంది. లోపల నేను కనిపిస్తున్నాను. కడుపు పగిలిపోతున్నా దిగలేదు. అలాగే పళ్ళు బిగబట్టి టెక్కలి దాకా పోయారు. అక్కడ గొట్టం వేశారు. చుట్టాలింట్లో మూడు రోజులుండి, గొట్టం తీయించుకుని వచ్చారు. అక్కడి డాక్టరు ఈ చీటీ రాస్తూ నెల్లాళ్ళు పోయాక చేయించుకోమని గట్టిగానే చెప్పారట. చీటీ జేబులో ఉంటే ఇంట్లో ఎవరి కంటైనా పడుతుందని ఈయన మర్నాడే నా దగ్గరకి వచ్చేశారు.

"మీరు ల్యాబ్ మనిషేనట కదా. రక్తం తీసేముందు అడగలేదా?" అన్నారు డాక్టరుగారు.

వందలమందిని ప్రశ్నలతో వేపుకు తిన్నవాణ్ణి, అడగవలసిన ఒక్కణ్ణి అడగలేదు. ఆయన సిగ్గుపడి చెప్పలేదు, నేను మర్యాదకని అడగలేదు. మధ్యలో ఒక అంకె పుట్టి మా ఇద్దరినీ చావు అంచుదాకా తీసుకొచ్చింది.

డాక్టరుగారు మంచివారు, మళ్ళీ తిట్టకుండా విడమర్చి చెప్పారు. "ఈ గ్రంథికి కోపం వస్తే ఈ అంకె పెరుగుతుంది. కోపం కేన్సర్ వల్ల రావచ్చు. ఇన్‌ఫెక్షన్ వల్ల రావచ్చు, మూత్రం ఆగిపోయినా రావచ్చు, గొట్టం రాపిడికైనా రావచ్చు. వయసుతో గ్రంథి ఉబ్బినా కొంత పెరుగుతుంది. కోపం వచ్చిందనే ఈ కాగితం చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. అంకె ఎక్కువుంటే కేన్సరని కాదు, తక్కువుంటే లేదనీ కాదు. ఒక్క అంకె చూసి ఏ మాటా అనకూడదు, అది ఏ దారిన పోతోందో చూడాలి." వేలితో పరీక్ష చేసి చూశారట, గ్రంథి పెద్దదైంది గాని మెత్తగా, నున్నగా ఉంది, గట్టి గడ్డ ఏదీ తగల్లేదన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఇంకా ఉంది. కిడ్నీల పరీక్ష కూడా చేయించారు, అది ఒకటి పాయింట్ ఒకటి. మందులు రాసి, "ఆరు వారాలు ఆగి మళ్ళీ చేయండి. అప్పటికీ దిగకపోతే ముక్క తీసే మాట మాట్లాడుకుందాం" అన్నారు.

తిరుగు రైల్లో నాకు కోపం ఆగలేదు. "బస్సు దిగితే పది అడుగులు మావగారూ. దారిలో ఏదైనా అయిపోయుంటే?"

"అల్లుడి దగ్గరకి ఆ పని మీద ఎలగ వత్తాను బాబూ" అన్నారు. మళ్ళీ ఆయనే, "పోతే పోయేవోణ్ణి. మరియాదగా పోయేవోణ్ణి" అన్నారు.

నవ్వకూడదనుకున్నాను గాని నవ్వొచ్చేసింది. ఆయనకీ వచ్చింది. ఎదురు సీటువాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. ఆరు వారాల గడువు నెత్తి మీద ఉన్నా ఆ ప్రయాణం నాకు బాగుంది.

మందులు పని చేశాయి. మూత్రం సాఫీగా వస్తోంది, నిద్ర పడుతోంది, మావగారికి ముఖంలో కళ వచ్చింది. ఒళ్ళు కూడా చేసింది. ఊరికి ఇది మింగుడుపడలేదు. ఎనిమిదికి లేవలేనివాళ్ళని చూశారు, ఆరుకి నడవలేనివాళ్ళని చూశారు. ఈ మనిషి పదకొండు మీద నిలబడి కొబ్బరికాయలు దింపిస్తున్నాడు, రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. ఏదో ఉండాలి కదా.

ఆ ఏదో నుయ్యి అని తేలింది.

మా వైపు ఈ జబ్బు దేనివల్ల వస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేదు కానీ అందరి అనుమానమూ నీళ్ళ మీదే. అలాంటప్పుడు పదకొండుతో కూడా మనిషిని నిలబెట్టే నీళ్ళు ఎక్కడో ఉండాలి. అవి మావగారి పెరటి నూతిలో ఉన్నాయి. ఇసకనేల నుయ్యి, నీళ్ళు నిజంగానే తియ్యగా ఉంటాయి. ముందు తోట వెనకావిడ ఒక బిందె తీసుకెళ్ళింది. తర్వాత వీధిలో ఇద్దరు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి పెరట్లో బిందెలు వరస కట్టి ఉన్నాయి. మా అత్తగారు గొప్పగా గిలకకి కొత్త తాడు వేయించారు. ఈ ఆలోచనలో తప్పు పట్టుకుందామని నేను ఎంత చూసినా దొరకలేదు. మొదటి అంకె ఒక్కటి తప్పుగా చదివారన్నమాటే గాని మిగతాదంతా సరైన తర్కమే.

"చెప్పేద్దాం మావగారూ" అన్నాను.

"నీళ్ళే కదా బాబూ, పట్టుకెల్నీండి. ఎవుల్ని సెడిపింది?" అన్నారు. ఆయన అడుగుతున్నది నీళ్ళ గురించి కాదని, తన సిగ్గు గురించని నాకు తెలుసు. సరేనన్నాను.

ఆరో వారం దాటాక మళ్ళీ రక్తం తీసి పంపాను. ఆ మూడు రోజులూ ల్యాబ్‌కి వచ్చినవాళ్ళు ఏం పాపం చేసుకున్నారో గాని అందరినీ కసిరాను. మూడోరోజు పదకొండింటికి కాగితం వచ్చింది. మూడు పాయింట్ రెండు. మూడుసార్లు చదివాను. పేరు సరిచూసుకున్నాను. బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉంటే రేపు రమ్మని పంపేసి, ల్యాబ్‌కి తాళం వేసి స్కూటరెక్కాను. పనిరోజు మధ్యలో తాళం వేయడం నాకు అదే మొదలు. హైవే మీద ఎండ మాడిపోతోంది, నాకు మాత్రం పాడుకోవాలనిపించింది.

మావగారు అరుగు మీద కాయ ఒలుచుకుంటున్నారు. నన్ను చూసి లేవబోయారు. లేవనివ్వలేదు. "మూడు పాయింట్ రెండు" అన్నాను.

"అంటే కొయ్యరేటి?"

"కొయ్యరు. ఏడాదికోసారి చూపించుకోమంటారు, అంతే."

ఆయన కాయ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. లోపల్నుంచి అత్తగారు "ఏటైనాది, ఏటైనాది" అంటూ వచ్చారు.

నూతి దగ్గర తోట వెనకావిడ నీళ్ళు తోడుతోంది. ఇంకో ముగ్గురు వంతుకి నిలబడి ఉన్నారు. మా మాటలు విని ఆమె తాడు వదిలేసి, తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "మూడైందా మావా? పదకొండు దిగి మూడైందా? నాను సెప్నేదా అత్తా! ఈ నీళ్ళే! మా ఆయన నెల్లాళ్ళనుంచి ఇయ్యే తాగుతున్నాడు. గోలీలు కూడా మానిపించీసినాను. ఇంక ఆసుపత్రులెందుకు!"

ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ నెల ఆమె భర్త రక్తపరీక్షకి రాలేదు. మావగారి అంకె ధ్యాసలో నేను ఆ సంగతే గమనించలేదు. గోలీలు మానేసి నెల! నా కోపం నాలిక చివరికి వచ్చేసింది. ఏం అరిచేవాణ్ణో నాకే తెలియదు.

మావగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. లేచి నిలబడ్డారు. నూతి దగ్గరున్న ఆ ముగ్గురినీ కూడా రమ్మని పిలిచారు.

"నాకు కిడ్నీల జబ్బు నేదమ్మా" అన్నారు. "ఎప్పుడూ నేదు. నాకు ఒంటికి ఆగిపోనాది. టెక్కలెల్లి గొట్టం ఏయించుకున్నాను. ముసలోళ్ళకి కింద ఏదో గెంతి ఉబ్బుతాదట. ఆ గొట్టం రాపిడికి వచ్చిన అంకె అది, మీరనుకున్న అంకె కాదు. మందులేసుకుంటే దిగింది. నా నూతిలో ఏటీ నేదు. సెప్పడానికి సిగ్గేసి మిమ్మల్నందర్నీ తాగనిచ్చినాను. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. ప్రాణం పోతున్నా అల్లుడి గుమ్మం ముందు బస్సు దిగని మనిషి, నలుగురు ఆడవాళ్ళ ఎదుట ఆ మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పేశారు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

తోట వెనకావిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మెల్లగా నావైపు తిరిగింది.

"అయితే బాబూ, మా ఆయనది కూడా అలాంటి అంకేమో. ఏ రాపిడికో పెరిగుంటాది. ఇంకోపాలి సూడవా?"

ఆమె భర్త రక్తం ఏడాదిగా నెలనెలా నేనే తీస్తున్నాను. కాగితాలన్నీ ఒకటే మాట చెబుతున్నాయి. "రేపు పొద్దున్నే తీసుకురా అమ్మా, చూద్దాం" అన్నాను.

"నానూ వత్తాను" అన్నారు మావగారు.

మర్నాడు ఏడింటి బస్సులో ముగ్గురూ వచ్చారు. మావగారు ఆమె భర్తని చెయ్యి పట్టుకుని దింపి, బెంచీ మీద పక్కన కూర్చున్నారు. "ఈ బాబు అడిగినయన్నీ దాయకుండా సెప్పు" అన్నారు. నేను అడిగాను, ఆయన చెప్పాడు. రక్తం తీశాను. క్రియాటినిన్ మా దగ్గరే చేస్తాం. గంట పట్టింది. నెల్లాళ్ళు మందుల్లేవు కదా, ఐదు దాటి ఉంటుందని గట్టిగా అనుకున్నాను. యంత్రం మీద అంకె చూసి నమ్మక మళ్ళీ చేశాను.

బయటికి వచ్చేసరికి ఆమె నిలబడి ఉంది.

"నాలుగు పాయింట్ మూడు" అన్నాను. "తప్పు అంకె కాదమ్మా. ఉన్నదే ఉంది. ఇవాళ్టినుంచే మందులు మళ్ళీ వేసుకోవాలి."

"పెరగనేదు గదా బాబూ?"

"లేదమ్మా, పెరగలేదు."

ఆమె నవ్వింది. కూలబడి, భర్త మోకాలి మీద చరిచి, "పెరగనేదంట!" అంది. ఆయన కూడా నవ్వాడు. మావగారు ఇద్దరినీ చూసి, నావైపు తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. నిన్న ఆమె నూతి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన క్షణం నుంచి ఇప్పటిదాకా తన అంకె మూడుకి దిగినందుకు ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.